సందేహం గారి సిగ్గుపట్టీ

మా మరదలికి పెద్దవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉంది. ఆ పేరుతో పిలిస్తే ఆవిడ రెండోసారికి గానీ పలకదు. ఇంటిల్లిపాదికీ, చుట్టాలకీ, ఆస్పత్రిలో సగం మందికీ ఆవిడ సందేహమే. ఆ బిరుదు ఇచ్చింది నేను. బస్సు నడపడం తర్వాత నేను బాగా చేసిన పని అదొక్కటేనని మా ఆవిడ అంటుంది.

అప్పటికి నాకు కొత్తగా పెళ్ళయింది. సిటీ బస్సు డ్రైవరు ఉద్యోగం కూడా కొత్తే. అత్తవారింట్లో అందరి మధ్యా కూర్చుని, రోడ్డు ఎంత ఖాళీగా ఉన్నా సరే హద్దు దాటి వేగం పోనివ్వనని కాస్త దర్జాగా చెప్పుకుంటున్నాను. మామగారు మెచ్చుకోలుగా తల ఊపుతున్నారు. ఇంకా స్కూలు యూనిఫాం కూడా మార్చుకోని మా ఆవిడ చెల్లెలు గుమ్మానికి ఆనుకుని నిలబడి అడిగింది.

"హద్దు దాటలేదని మీకెలా తెలుసు బావా?"

"స్పీడోమీటరు ఉంటుంది కదమ్మా. అందులో చూస్తాను."

"అది కరెక్టుగా చూపిస్తోందని ఎలా తెలుసు?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ మాట చెవిలో జోరీగలా దూరి కూర్చుంది. మర్నాడు డిపోలో మెకానిక్కుని బతిమాలి మీటరు పరీక్ష చేయించాను. తక్కువ చూపిస్తోంది. అంటే అన్నాళ్ళూ నేను ఎంతో నిష్ఠగా హద్దు దాటుతూనే ఉన్నానన్నమాట. ఈ సంగతి అత్తవారింట్లో చెప్పలేదు గానీ ఆ పిల్లకు పేరు మాత్రం పెట్టేశాను.

పేరుకు తగ్గట్టే పెరిగింది. జ్వరం వస్తే థర్మామీటరు తన నోట్లో పెట్టుకుని, తర్వాత జ్వరం లేని వాళ్ళక్క నోట్లో పెట్టి, రెండూ పోల్చి చూసి గానీ మాత్ర మింగేది కాదు. గోడ గడియారాన్ని నమ్మదు. కూరగాయల కొట్టువాడి త్రాసును నమ్మదు. భోజనాల దగ్గర "ఇక చాలు, కడుపు నిండింది" అని నేనంటే దాన్నీ నమ్మదు. ఈ చివరిదాంట్లో మాత్రం ఆవిడ అనుమానం సబబే. "సరే, నమ్మాను" అనే మాట ఆవిడ నోట విన్నవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు.

"దీన్ని ఎవరు భరిస్తారో" అని మా ఆవిడ తల పట్టుకునేది. భరించేవాళ్ళు దొరికారు. ఫిజిక్సు చదివి, దాని మీద మళ్ళీ చదివి, కాన్సర్ ఆస్పత్రిలో రేడియేషన్ విభాగంలో మెడికల్ ఫిజిసిస్టుగా చేరింది. ఆ ఉద్యోగం ఏమిటో నాకు చాలాకాలం అంతుపట్టలేదు. డాక్టరు కాదు, నర్సు కాదు, మెషిన్ నడిపే ఆపరేటరూ కాదు. ఒకరోజు ఆవిడే విడమరిచి చెప్పింది.

"కిరణాలు ఎక్కడ పడాలో, ఎంత పడాలో డాక్టరు చెప్తారు. మెషిన్ వదుల్తుంది. చెప్పినంతే వదిలిందా, చెప్పిన చోటే పడిందా అని అనుమానపడటానికి ఒక మనిషి కావాలి కదా బావా. అది నేను."

ఇంట్లో ఇన్నాళ్ళూ తిట్లు తినిపించిన గుణానికి అక్కడ ఒక గదీ, కుర్చీ ఇచ్చి కూర్చోబెట్టారు. నాకు భలే సంతోషం వేసింది.

ఆ గదిలో కూర్చుని ఆవిడ ఏళ్ళ తరబడి ఒకే పట్టు పట్టింది. మెషిన్ సరిగ్గా ఉందో లేదో చెప్పే పరికరాలు అక్కడ బోలెడు. అవి మెషిన్ సంగతి చెప్తాయి. బల్ల మీద పడుకున్న మనిషి చర్మం మీద ఈరోజు నిజంగా ఎంత పడింది? దానికీ బొట్టంత చిన్న మీటర్లు ఉన్నాయట. కానీ అవి తాము అంటుకున్న చోటు గురించి తప్ప పక్కన ఏం జరిగిందో చెప్పవు. ఆవిడకు కావలసింది చర్మం మీద అతికించగానే ఎక్కడ ఎంత పడిందో బొమ్మ గీసినట్టు చూపించే పట్టీ. దానికోసం బంగారాన్ని పట్టుకుంది.

"బంగారాన్ని ఉప్పులా మార్చి నీళ్ళలో కరిగించొచ్చు బావా. దాన్ని జెల్లీలో కలిపి, రెండు ప్లాస్టిక్ పొరల మధ్య పల్చటి పట్టీలా పోస్తాం. అప్పుడు దానికి రంగుండదు. రేడియేషన్ తగిలిన చోట మాత్రం కరిగిన బంగారం మళ్ళీ రేణువులుగా పోగవుతుంది. ఒక్క వెంట్రుక మందంలో వేల రేణువులు పడతాయి, అంత చిన్నవి. నానో రేణువులంటే అవే."

"అయితే పట్టీ బంగారం రంగుకు తిరుగుతుందన్నమాట."

"తిరగదు. అంత చిన్నదైతే బంగారం పచ్చగా ఉండదు, ఎర్రగా ఉంటుంది. కొంచెం పడితే లేత గులాబీ, ఎక్కువ పడితే ముదురు ఎరుపు. రంగు ముదురును బట్టి ఎంత పడిందో లెక్క కట్టొచ్చు."

"ఈ సంగతి మీ అక్కతో అనకు. ఎర్ర గొలుసు కావాలంటుంది" అన్నాను. ఆవిడ నవ్వలేదు. ఇంకా పెద్ద పెద్ద చోట్ల ఇలాంటి రేణువుల్నే గడ్డలోకి పంపించి, కిరణాల దెబ్బ గడ్డకే గట్టిగా తగిలేలా చేయాలని చూస్తున్నారని చెప్పింది. అది పనిచేస్తుందా అంటే, "కొన్నిచోట్ల చేసిందంటున్నారు. నేను చూడలేదు" అంది. తను చూడందాన్ని తన తరఫున చెప్పే రకం కాదు.

పట్టీకి పేరు పెట్టే పని మళ్ళీ నాకే పడింది. కిరణం తగిలితే ఎర్రబడుతుంది కాబట్టి సిగ్గుపట్టీ అన్నాను. ఆ పేరు ఆస్పత్రి దాకా పాకింది, పాకి కొంప ముంచింది. ఎందుకంటే మొదట్లో ఆ పట్టీలు కిరణం తగలకుండానే సిగ్గుపడేవి. విభాగానికంతటికీ పెద్దదిక్కయిన పెద్ద డాక్టరమ్మ, బయటి నుంచి వచ్చిన నిపుణులకు చూపిద్దామని ఒకరోజు అందరినీ పిలిచింది. కిరణం చూపించిన పట్టీ ఎర్రగా ఉంది. చూపించని పట్టీ కూడా ఎర్రగా ఉంది. డబ్బా మూత తీస్తే మిగతావన్నీ ఎర్రగానే ఉన్నాయి. "మీ పట్టీలకు సిగ్గు కాస్త ఎక్కువే" అని ఎవరో అంటే గది గదంతా నవ్వింది. పెద్ద డాక్టరమ్మ నవ్వలేదు, అదే ఎక్కువ బాధగా ఉందని మరదలు మా వంటగదిలో కూర్చుని చెప్పింది.

తప్పెక్కడుందో ఆవిడే పట్టుకుంది. బంగారం ఉప్పును సీసాలోంచి తీయడానికి స్టీలు చెంచా వాడుతున్నారు. ఇనుము తగిలితే చాలు, కిరణంతో పని లేకుండానే బంగారం విడిపోయి రేణువులు కట్టేస్తుంది. చెంచా మార్చి ప్లాస్టిక్‌ది పెట్టింది, పట్టకారు కూడా మార్చింది. పట్టీలు బుద్ధిగా తెల్లగా కూర్చున్నాయి. కానీ ఒకసారి నవ్విన నోళ్ళు ఊరుకుంటాయా? పెద్ద డాక్టరమ్మ చివరిమాటగా చెప్పేసింది.

"పేషెంటు మీద ఒక్కసారి చూద్దాం. కొలవడమే కదా, పేషెంటుకు దానివల్ల నష్టం లేదు. అక్కడ కూడా తప్పు చూపిస్తే మాత్రం ఈ పట్టీలు కట్టిపెట్టి మిగతా పని చూసుకోండి."

ఆ పేషెంటు నేనే అవుతానని అప్పుడు ఎవరికీ తెలియదు.

నాకు కుడి చెంప మొద్దుబారడం మొదలైంది. ముక్కు చీదితే రక్తపు చారలు. పంటి నొప్పనుకుని పన్ను పీకించుకున్నాను, ఆ పన్ను పాపం ఏ తప్పూ చేయలేదు. తీరా చూస్తే కుడి కంటి కింద ఎముక గూట్లో గడ్డ ఉంది. కాన్సర్ అన్నారు. ఆపరేషన్ చేసి తీసేశారు గానీ, కంటికి కనపడని వేళ్ళు మిగిలి ఉంటాయని కొన్ని వారాలపాటు రేడియేషన్ పెట్టాలన్నారు. కిరణాలు పడాల్సిన చోటుకూ నా కుడి కంటికీ మధ్య వేలెడు దూరం కూడా లేదు.

"కన్ను కాపాడగలమనే అనుకుంటున్నాం" అంది పెద్ద డాక్టరమ్మ.

నాకు "అనుకుంటున్నాం" ఒక్కటే వినపడింది. ఒంటికన్నుతో మనిషి బతకొచ్చు, కాదనను. ఒంటికన్నుతో సిటీ బస్సు నడపనివ్వరు. పొద్దున్నే డిపోలో బండి ఎక్కి, సీటు సర్దుకుని, అద్దాలు తుడుచుకుని, మొదటి స్టాపులో నాకోసం నిలబడ్డ జనాన్ని చూడటం తప్ప నాకు ఇంకో సుఖం తెలియదు. నిజం చెప్పాలంటే చావు కన్నా ఆ స్టీరింగు వదిలేయాలంటేనే ఎక్కువ భయం వేసింది. ఈ మాట మా ఆవిడతో అంటే నా చావు అక్కడే అయ్యేది కాబట్టి మనసులోనే ఉంచుకున్నాను.

మరదలు నా కేసులోంచి పక్కకు తప్పుకుంది. సొంత మనుషులకు తాను కొలతలు వేస్తే కళ్ళు మసకబారుతాయంది. కిరణాలు ఏ దిక్కు నుంచి ఎలా రావాలో లెక్క వేసే పని తన కింద పనిచేసే చిన్న ఫిజిసిస్టుకు అప్పగించింది. అతను నెమ్మదస్తుడు, చేతిపని శుభ్రం. పట్టీ సంగతి మాత్రం నేనే ఎత్తాను.

"నీ సిగ్గుపట్టీ నా కంటి మీద వెయ్యి."

"తప్పు చూపిస్తే, బావా?"

"నిన్ను చూసి నవ్వుతాను. ఎప్పుడూ చేసే పనేగా."

ఆవిడ కాగితాల మీద సంతకాలు పెట్టించింది. పెట్టించే ముందు ఒక్కొక్క కాగితం నాచేత పైకి చదివించింది.

తర్వాత మాస్కు. తల కదలకుండా ఉండటానికి ముఖానికి మాస్కు చేస్తారు. వేడినీళ్ళలో మెత్తబడిన జల్లెడ లాంటి ప్లాస్టిక్ రేకును ముఖం మీద పరిచి ఒత్తితే, చల్లారేసరికి మన ముఖం అచ్చులోకి గట్టిపడుతుంది. దాన్ని బల్లకు బిగిస్తారు. కళ్ళ దగ్గర మాత్రం కోసి తెరిచారు. ఇక్కడ నా మీసం గురించి చెప్పాలి. డిపోలో కొత్తగా చేరినవాళ్ళకు నన్ను చూపించాలంటే "అదిగో ఆ మీసం" అనేవారు, అంత మీసం. మాస్కు అచ్చు ఆ మీసంతో సహా దిగింది. నా గుర్తుకోసం ఫోటో కూడా మాస్కు బిగించాకే తీశారు.

ట్రీట్‌మెంట్ మొదలయ్యే రోజు పొద్దున మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఆ పొద పెట్టుకునే వెళ్తారా? ఆస్పత్రి అది, శుభ్రంగా ఉండాలి" అంది. ఎన్నో ఏళ్ళుగా ఆ మీసం మీద ఆవిడకు కన్నుంది, అదను దొరికింది. సరేలే, మీసం పోతే మళ్ళీ వస్తుంది అనుకుని గీసేశాను. అద్దంలో చూసుకుంటే మా మామగారి పోలికలు కనపడి కంగారుపడ్డాను, వరసకు ఆయన నాకు మేనమామ కూడా కాదు.

మెషిన్ గది పెద్దది, చల్లటిది. మధ్యలో సన్నటి బల్ల. దాని చుట్టూ తిరిగే బరువైన ఇనప చెయ్యి ఒకటి, దాని తలలోంచి కిరణాలు వస్తాయి. మరదలు ప్లాస్టిక్ పట్టకారుతో పట్టీ తీసి, నన్ను కన్ను మూసుకోమని, కుడి రెప్ప మీద అతికించింది. అదే డబ్బాలోంచి ఇంకో పట్టీ తీసి బయట ఆపరేటరు బల్ల మీద పెట్టింది. మాస్కు బిగించారు. ముందు ఎక్స్‌రే తీసి, ఎముకలు ప్లాన్‌లో ఉన్న చోటే ఉన్నాయో లేదో సరిచూశారు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. అందరూ బయటికి వెళ్ళారు, తలుపు మూసుకుంది. ఇనప చెయ్యి సన్నగా రొద పెడుతూ నా చుట్టూ తిరిగింది. నొప్పి లేదు, వేడి లేదు. నాకు నేను చాలా బుద్ధిమంతుడిలా అనిపించాను.

బయటికి వచ్చాక మరదలు పట్టీని కిటికీకి దూరంగా తెల్లటి పలక మీద పెట్టింది. రంగు తేలడానికి కాసేపు పడుతుందంది. నేనూ మా ఆవిడా వరండాలో కూర్చున్నాం. పట్టీ తెల్లగా ఉండాలి, లేదా కింద అంచున లేత గులాబీ చార ఉండాలి. అంతకు మించి ఉండకూడదు.

కాసేపటికి మరదలు బయటికి వచ్చింది. ముఖం చూస్తేనే తెలిసిపోయింది. పట్టీ కింది సగం ఎర్రబడింది. ఒక మూల లేతగా మొదలై, ఏటవాలుగా పైకెక్కి, రెండో మూల ముదురుగా ఉంది.

"అంటే నా కన్ను..."

"ఒక్కరోజుకు ఏమీ కాదు బావా. ఇలాగే రోజూ పడితే మాత్రం పోతుంది." ఆవిడ అబద్ధం చెప్పి ఊరుకోబెట్టే మనిషి కాదని నాకు తెలుసు. అయినా ఆ క్షణాన ఒక అబద్ధం చెబితే బాగుండుననిపించింది.

పెద్ద డాక్టరమ్మ గదిలోకి నన్నూ పిలిచారు. ఆవిడ పట్టీని చూసి కళ్ళజోడు తీసింది. "మళ్ళీ సిగ్గుపడిందా?"

చిన్న ఫిజిసిస్టు మెషిన్ రిపోర్టు చూపించాడు. చెప్పినంతే వదిలింది, చెప్పిన దిక్కు నుంచే వదిలింది. ఎక్స్‌రేలో ఎముకలు సరిగ్గా ఉన్నాయి. అతను తప్పుగా ఏమీ చేయలేదు.

"బయట పెట్టిన పట్టీ చూడండి మేడమ్" అంది మరదలు. అది తెల్లగా ఉంది.

"ఒంటి వేడికి రంగు తిరిగి ఉండొచ్చు."

మరదలు తన చొక్కా చెయ్యి పైకి మడిచింది. మణికట్టు మీద ఇంకో పట్టీ. అదీ తెల్లగానే ఉంది. "ఇదీ ఆ డబ్బాలోదే. నా ఒంటి మీద అంతసేపూ ఉంది. పట్టీ మీద మీకన్నా నాకే ఎక్కువ అనుమానం మేడమ్. ముందు దాన్నే అనుమానించాను."

పెద్ద డాక్టరమ్మ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "మెషిన్ సరే, ప్లాన్ సరే, పట్టీ సరే అంటున్నావు. మరి తప్పెవరిది? రేపటి ట్రీట్‌మెంట్ ఊరికే ఆపలేను. మధ్యలో ఖాళీ ఇస్తే గడ్డ మళ్ళీ లేస్తుంది. రేపటికి కారణం చూపించు. చూపించలేకపోతే పట్టీ లేకుండా ప్లాన్ ప్రకారమే సాగుతాం."

బయటికి రాగానే మరదలు నా చెయ్యి పట్టుకుని ఖాళీ గదిలోకి లాక్కుపోయింది. ఆవిడ నన్ను ఎప్పుడూ మీరనే అంటుంది. కోపం వస్తే మాత్రం ఆ మీరు కాస్తా గాలికి పోతుంది.

"తల తిప్పావా బావా?"

"మాస్కు బిగించాక తల ఎలా తిప్పుతారు?"

"అదే నేనూ అడుగుతున్నా. నువ్వు కిందికో పైకో జరిగి ఉంటే ఎర్ర అంచు తిన్నగా ఉండేది. ఏటవాలుగా ఉంది. అంటే జరగలేదు, తిరిగింది. తల తిరిగింది."

"నేను చచ్చినా కదల్లేదు. ఒట్టు."

"నీ ఒట్టు నాకెందుకు?" అంది. ఇది ఆవిడ ప్రేమగా మాట్లాడే పద్ధతి.

భోజనాల వేళ మెషిన్ ఖాళీ అయ్యింది. మరదలు నన్ను మళ్ళీ బల్ల ఎక్కించి, మాస్కు బిగించి, నా ముఖం చుట్టూ చూపుడువేలితో తడుముతూ వచ్చింది. నుదురు దగ్గర వేలు దూరలేదు. చెంపల దగ్గర దూరలేదు. పై పెదవి దగ్గరకు వచ్చేసరికి వేలు సులువుగా లోపలికి పోయింది. ఆవిడ వేలు అక్కడే ఉంచి, నా ముఖంలోకి వంగి చూసింది. పొద్దుటి నుంచి నా కంటినే చూస్తోంది గానీ నా ముఖం చూడలేదు.

"బావా. మీసమేది?"

మాస్కులోంచి నేను ఏదో గొణిగాను. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి ఉంది, గోడ వైపు తిరిగింది.

"మీసం పోయిన చోట మాస్కు వదులైంది, సరే" అని తనలో తను అనుకుంది మరదలు. "వదులైతే కదలడానికి వీలు దొరుకుతుంది. కానీ కదలడం ఎందుకు? ఎక్స్‌రే తీసినప్పుడు రాయిలా ఉన్నాడే." చిన్న ఫిజిసిస్టును పిలిచి, కిరణాలు లేకుండా ఇనప చెయ్యి మాత్రం తిప్పమంది. తాను నా తల పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. చెయ్యి ఎడమ నుంచి రొదపెడుతూ బయల్దేరింది. పైకి వచ్చింది. కుడి వైపుకు దిగింది.

"ఆపు. మళ్ళీ తిప్పు" అంది. మళ్ళీ తిప్పాడు. మూడోసారి కూడా తిప్పించింది. తర్వాత లేచి నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుంది. నవ్వాలో ఏడవాలో తెలియని గొంతుతో చెప్పింది.

"కుడి పక్కకి ఏదో పెద్ద బండి వచ్చినట్టు రొద వినపడగానే, గడ్డం దించి కుడి అద్దంలోకి చూస్తున్నావు బావా. కళ్ళు మూసుకుని."

నాకు తెలియకుండా నా మెడ చేసిన పని అది. ఇన్నేళ్ళ బస్సు నా ఒంట్లోంచి దిగలేదు, కాన్సర్ బల్ల మీద కూడా నేను లైన్ మార్చే ముందు అద్దం చూసుకుంటున్నాను. ముందుగా నవ్వింది మా ఆవిడ. నవ్వుతూనే ఏడ్చేసింది. చిన్న ఫిజిసిస్టు పరుగున వెళ్ళి పెద్ద డాక్టరమ్మను వెంటబెట్టుకొచ్చాడు, ఆవిడ వచ్చాక నా మెడ చేత మళ్ళీ ఆ విద్య ప్రదర్శింపజేశారు. ఆవిడ వంగి, సందులో తన వేలు కూడా పెట్టి చూసుకుంది. "వేరే మాస్కు చేయండి" అని మాత్రం అంది.

మర్నాడు పొద్దున నున్నటి ముఖానికి కొత్త మాస్కు చేశారు. ఈసారి అది ఎంత బిగువుగా పట్టిందంటే, ఆవలింత వస్తే మింగాల్సిందే. ట్రీట్‌మెంట్ అయ్యేదాకా రోజూ గడ్డం మీసం గీసుకోవాలని మరదలు ఆజ్ఞ వేసింది. కొత్త కొలతలకు చిన్న ఫిజిసిస్టు ప్లాన్ సరిచేశాడు. సాయంత్రం రెప్ప మీద పట్టీ అతికించి తలుపు మూశారు. చెయ్యి కుడివైపుకు దిగుతుంటే మెడలో నరం అదిరింది, నాకే తెలిసింది. తల మాత్రం జరగలేదు.

ఈసారి వరండాలో కూర్చోలేకపోయాం. నేను, మా ఆవిడ, చిన్న ఫిజిసిస్టు, పెద్ద డాక్టరమ్మ, అందరం ఆ తెల్లటి పలక చుట్టూ మూగాం. చాలాసేపు చూశాం. కింది అంచున లేత గులాబీ చార తేలింది, దారం అంత, తిన్నగా. అక్కడే ఆగింది. మిగతా పట్టీ అంతా తెల్లగా, ఖాళీగా ఉంది.

అంత అందమైన ఖాళీని నేను జన్మలో చూడలేదు. పెద్ద డాక్టరమ్మ పట్టీని పట్టకారుతో ఎత్తి దీపానికి ఎదురుగా పట్టుకుంది. ఆ తర్వాత మరదలి వైపు తిరిగి, అప్పుడెప్పుడో గదిలో అందరూ నవ్విన రోజున నవ్వని మనిషి, నోరారా నవ్వింది. "తల, మెడ కేసులన్నిటికీ వేద్దాం. రాతకోతలు నేను చూసుకుంటాను. ఎన్ని పట్టీలు పోయగలవు?" అంది.

"ముందు ఇంకో డబ్బా పరీక్ష చేయాలి మేడమ్" అంది సందేహం.

ఆపరేటర్లు చప్పట్లు కొట్టారు. వరండాలో కూర్చున్న పేషెంట్లకు ఎందుకో తెలియకపోయినా వాళ్ళూ కొట్టారు. ఇంతమందిలో మరదలికి ముఖం ఎర్రబడింది. పట్టీ పేరు సార్థకమైందని నేనన్నాను. నా మాట ఎవరూ పట్టించుకోలేదు.

వారాలు గడిచాయి. చెంప మాడింది, నాలుక మీద రుచి పోయింది, మా ఆవిడ వంటను తిట్టే అవకాశం కూడా లేకపోయింది. పట్టీలు మాత్రం ఒకదాని తర్వాత ఒకటి తెల్లగా వచ్చాయి. నా తర్వాత వచ్చినవాళ్ళ రెప్పల మీదా, గొంతుల మీదా అవి ఎక్కాయి. ఒక టీచరుకు గొంతు దగ్గర ఎర్రబడితే, బరువు తగ్గి మాస్కు వదులైందని తెలిసి వెంటనే మార్చారట. మాస్కుల గదిలో ఇప్పుడు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది, మీసాలూ గడ్డాలూ ఎలా ఉన్నవి అలాగే ఉంచుకోవాలని. అది నా పుణ్యమే.

ట్రీట్‌మెంట్ అయి కొన్ని నెలలకు స్కాన్ శుభ్రంగా వచ్చింది. మీసం కూడా వచ్చింది, కుడివైపు కాస్త పల్చగా. లైసెన్సు కోసం కంటి పరీక్షకు వెళ్ళాను. ఎడమ కన్ను మూసి కుడి కంటితో చదవమన్నారు. అడుగు వరుస దాకా గడగడా చదివేశాను. డిపో నుంచి మరదలికి ఫోను చేసి చెప్పాను.

"బోర్డు ముందే చూశారా బావా? వరసలో నిలబడ్డప్పుడు అక్షరాలు కంఠతా వచ్చేసి ఉండొచ్చు."

"ఓసి దేవుడా. నువ్వే వచ్చి చూసుకో."

వచ్చింది. డిపో ఆవరణలో నా పాత బస్సు ఎక్కి నా సీట్లో కూర్చున్నాను. చేతులు స్టీరింగు మీద వేయగానే గుండె నిండిపోయింది. మరదలు నా ఎడమ కంటికి ప్లాస్టరు అంటించి, ఒక అట్ట చంకలో పెట్టుకుని బస్సు వెనక్కి నడిచింది. చాలా దూరం వెళ్ళి కుడి అద్దంలో కనపడేలా నిలబడింది. అట్ట మీద అక్షరాల వరసలు, కిందికి వచ్చేకొద్దీ చిన్నవవుతూ. అద్దంలో తిన్నగా కనపడాలని ఆ మహాతల్లి అక్షరాలన్నిటినీ తిరగేసి రాసుకొచ్చింది.

"పై వరస చదవండి" అని అరిచింది.

చదివాను. రెండోది చదివాను. ఎక్కడా అర్థం లేదు, ఊహించి చెప్పడానికి వీల్లేకుండా విడి అక్షరాలు పేర్చింది. మూడోదీ, నాలుగోదీ అయ్యాయి.

"చివరిది."

చూశాను. మళ్ళీ చూశాను.

"కనపడటం లేదా?" ఆవిడ అట్టను ఇంకాస్త పైకెత్తింది. "బావా, చివరి వరస కనపడటం లేదా నీకు?"

"కనపడుతోంది" అన్నాను. "కాస్త ఆగు, కన్ను తుడుచుకోనీ."

కుడి కన్ను తుడుచుకుని, కిటికీలోంచి తల బయటికి పెట్టకుండా, అద్దంలోకే చూస్తూ డిపో అంతా వినపడేలా చదివాను.

"నమ్మాను బావా, అని రాసుంది."

అద్దంలో ఆవిడ అట్ట కిందికి దించింది. ముఖం రెండు చేతుల్లో దాచుకుంది. నేను ఎడమ కంటి మీది ప్లాస్టరు పీకి, బండి స్టార్టు చేసి, ఎక్కమని హారను కొట్టాను.